ముందు చుక్కలు పెట్టు, తర్వాత కోడ్ రాయి

నాన్నా,

"అత్తా, వరసలో ఇన్వర్షన్లూ, దీర్ఘచతురస్రాల్లో చుక్కలూ లెక్కపెట్టే ప్రోగ్రామ్‌కి రెండు లూపులు రాశాను, టైమ్ లిమిట్ దాటిపోతోంది" అన్నావు నిన్న. నీ గొంతులో టెన్షన్ తెలిసింది. కాసేపు లాప్‌టాప్ మూసేసి గళ్ల కాగితం తీసుకో.

3 1 4 2 అనే వరసని దాని మీద పెట్టు. స్థానం అడ్డంగా, విలువ నిలువుగా. ముందు పెద్దది, వెనక చిన్నది ఉన్న జత ఇన్వర్షన్ కదా. అంటే ఒక్కో చుక్కకి కుడిపక్కన, దానికన్నా కింద ఎన్ని చుక్కలున్నాయో చూడటమే. 3కి రెండు, 4కి ఒకటి, మొత్తం మూడు. వరస (పర్మ్యుటేషన్) లెక్కా, దీర్ఘచతురస్రంలో చుక్కల లెక్కా ఒకటేనని కంటికే కనిపిస్తుంది.

"ఈ దీర్ఘచతురస్రంలో ఎన్ని చుక్కలు?" అనే ప్రశ్నలన్నీ ముందే నీ చేతిలో ఉంటే, అడిగిన వరసలోనే జవాబు చెప్పాలని లేదు. నాకు ఇది అర్థమవడానికి చాలా కాలం పట్టింది, అందుకే నొక్కి చెప్తున్నాను. ఎడమ నుంచి కుడికి ఒక గీత జరుపు. చుక్క తగిలినప్పుడల్లా ఫెన్విక్ ట్రీలో, అంటే మొదటి నుంచి ఒక చోటు దాకా మొత్తాన్ని త్వరగా చెప్పే పట్టికలో, దాని ఎత్తు దగ్గర 1 కలుపు. దీర్ఘచతురస్రం ఎడమ అంచుకి ముందు దాని ఎత్తుల మధ్య ఎన్ని ఉన్నాయో రాసుకుని, కుడి అంచు దాటాక వచ్చిన లెక్కలోంచి తీసెయ్. అంచు మీదున్న చుక్క లోపలిదా, బయటిదా అన్నది మొదటే తేల్చుకో.

ఫెన్విక్ 1994లో చూపించిన ఆ చెట్టు చాలా చిన్నది. 6వ గడిలో 5, 6ల మొత్తం ఉంటుంది, 4వ గడిలో 1 నుంచి 4 వరకు. 6 దాకా మొత్తం కావాలంటే ఆ రెండు గడులు చాలు. 2 లక్షల సంఖ్యలకి నీ రెండు లూపులు చూసే జతలు దాదాపు 2,000 కోట్లు. చెట్టులో అయితే ఒక్కోసారికి 18 అడుగులు మించవు.

జవాబుని లాంగ్ లాంగ్ అనే పెద్ద సంఖ్యల వేరియబుల్‌లో పెట్టు. మామూలు ఇంట్ వేరియబుల్ 214 కోట్ల దగ్గరే పొంగిపోతుంది. చదువుకునే రోజుల్లో నాకు మైనస్ జవాబు వస్తే, రెండు రాత్రులు చెట్టులో తప్పు వెతికాను. తప్పల్లా ఆ ఒక్క డిక్లరేషన్‌లోనే.

ఇన్వర్షన్లు మాత్రమే అడిగితే మెర్జ్ సార్ట్ (వరసని రెండు సగాలు చేసి, ఒక్కోదాన్నీ సర్ది కలిపే పద్ధతి) చాలు. కుడి సగం సంఖ్య ముందుకొచ్చినప్పుడు ఎడమ సగంలో ఇంకా మిగిలినవన్నీ కలుపుకో.

కుదిరినప్పుడు చాన్, పత్రాష్కు అనే కంప్యూటర్ సైంటిస్టుల 2010 పేపర్ చదువు. ఒకే మెషీన్ వర్డ్‌లో (కంప్యూటర్ ఒక్కసారిగా పట్టుకునే ముక్కలో) చాలా చిన్న సంఖ్యల్ని సర్ది, ఇదే లెక్కని n × √(log n) కాలంలోకి (n అంటే ఎన్ని సంఖ్యలో అది) తెచ్చారు. పత్రాష్కు 2012లో, 29 ఏళ్లకే క్యాన్సర్‌తో పోయాడు. ఆ పేపర్ తీసినప్పుడల్లా నాకు మనసు బరువెక్కుతుంది.

ఈ రాత్రి 8 సంఖ్యలతో చేత్తో చేసి ఫోటో పంపు. గీత ఎక్కడెక్కడ ఆగిందో కూడా గుర్తుపెట్టు, చూస్తాను.

మీ అత్త