కెనడాలో గంజాయి కంపెనీకి రెజ్యూమె ఎలా రాయాలి?

హైదరాబాదు ఫార్మాలో ఐదేళ్లు క్యూసీ (మందుల నాణ్యత పరీక్ష) చేసి అంటారియో వచ్చానని, లైసెన్సు ఉన్న గంజాయి కంపెనీలకు రెజ్యూమె పంపాలనుకుంటున్నానని, మొక్క గురించి ఏమీ తెలియకపోవడం అడ్డవుతుందా అని అడిగారు. కాదు. తెలిసినట్టు రాస్తే మాత్రం అడ్డవుతుంది. నేనూ జీడిమెట్లలో ఆరేళ్లు క్యూసీ చేసి వచ్చినవాడినే. 2021 నుంచి ఇక్కడ ఒక గంజాయి కంపెనీ నాణ్యతా విభాగంలో పనిచేస్తున్నాను.

మొదట నేను రెజ్యూమెలు రాసిపెట్టే ఒకాయనకు రెండు వందల డాలర్లు ఇచ్చాను. ఆయన నా ఆరేళ్ల పనిని నాలుగు వరుసలకు కుదించి, పైన పెద్ద పేరా పెట్టారు. ఈ మొక్కంటే నాకు ప్రాణమట, మనుషుల బతుకులు మార్చే శక్తి దానికి ఉందట. అప్పటికి ఆ మొక్కను నేను కళ్లతో చూడలేదు. 2016లో ఒక శనివారం రాత్రి, మందులు ఎంతకాలం నిలుస్తాయో చూసే స్టెబిలిటీ చాంబర్‌లో ఉష్ణోగ్రత హద్దు దాటితే, డీవియేషన్ (హద్దు తప్పిన సంగతి నమోదు) రాసి, కారణం వెతికి, సరిచేయించింది నేనే. దాన్ని మాత్రం ‘తప్పులు చూపించకూడదు’ అని కొట్టేశారు. ఇరవైకి పైగా కంపెనీలకు పంపాను. ఒక్క ఫోను రాలేదు. చివరికి ఆ పేరా తీసేసి, చాంబర్ సంగతి మూడు వరుసల్లో తిరిగి రాసి పంపాను. పది రోజుల్లో పిలుపు వచ్చింది.

నయాగరా వైపు, ద్రాక్షతోటల మధ్య ఒక గ్రీన్‌హౌసు. ఫోను లాకరులో పెట్టించి, తలకు వల, కాళ్లకు తొడుగులు ఇచ్చి లోపలికి తీసుకెళ్లారు. నాణ్యతాధికారి యాభై దాటిన మహిళ. అంతకుముందు చాలా ఏళ్లు చీజ్ ఫ్యాక్టరీలో పనిచేశారట. పలకరింపులయ్యాక నా ముందు నాలుగు పేజీల బ్యాచ్ రికార్డు (ఒక దఫా సరుకు తయారైన తీరు రాసే పత్రం) నకలు, ఒక ఎర్ర పెన్ను పెట్టి, "పదిహేను నిమిషాలు. మీకు తేడాగా కనిపించినవన్నీ గీయండి" అన్నారు.

రెండో పేజీలో 3ను 8గా దిద్దారు. పక్కన సంతకం లేదు, తేదీ లేదు. మూడో పేజీలో ఆరబెట్టే గది తేమ రీడింగులు. రాత్రి రెండు గంటలదీ, ఉదయం ఎనిమిది గంటలదీ ఒకే సిరాతో, ఒకే ఊపులో రాసినట్టున్నాయి. చివరి పేజీలో ఆరిన పువ్వు, కత్తిరించిన ఆకు, పారేసిన వ్యర్థం కూడి చూస్తే గదిలోంచి బయటికి వచ్చిన తూకానికి 40 గ్రాములు తక్కువ. మళ్లీ కూడాను. మళ్లీ 40.

"ఇవి ఎక్కడికి పోయి ఉంటాయి?" అని అడిగారు.

"ఇప్పుడే చెప్పలేను. ముందు తూకం యంత్రం సరిగ్గా చూపుతోందో లేదో, దాని క్యాలిబ్రేషన్ చూస్తాను. తర్వాత తూచిన మనిషితో మాట్లాడతాను. అది తేలేదాకా ఈ బ్యాచ్‌ను విడుదల చేయను" అన్నాను.

ఆవిడ నా రెజ్యూమె తీసి, చాంబర్ గురించి రాసిన వరుస కింద వేలు పెట్టారు. "మిమ్మల్ని పిలిచింది దీనికోసమే. మొక్కల రకాల పేర్లు పేజీ నిండా రాసేవాళ్లు రోజూ వస్తారు. వాళ్లలో ఎక్కువమంది ఈ చివరి పేజీ దాకా చూడరు."

2018 అక్టోబరు 17న గంజాయిని అనుమతించే చట్టం అమల్లోకి వచ్చింది కాబట్టి ఇక్కడ అంతా సడలింపేనని చాలామంది అనుకుంటారు. కంపెనీ లోపల అలా ఉండదు. ఎంత నిల్వ ఉంది, ఎంత అమ్మారు, ఎంత నాశనం చేశారు అన్న లెక్క ప్రతి నెలా ప్రభుత్వానికి వెళ్లాలి. నాణ్యతాధికారి ఒప్పుకోనిదే సరుకు అమ్మకానికి పోకూడదు. అందుకే మీ రెజ్యూమెలో మొదటి సగం మీరు నింపిన రికార్డులది, పట్టుకున్న తప్పులది కావాలి. హెచ్‌పీఎల్‌సీ (ద్రవంలో కరిగించిన నమూనాలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) మీద పనిచేసి ఉంటే దాన్ని పైకి తెండి. నమూనాను ఆవిరి చేసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రఫీ వేడికి, పచ్చి మొక్కలో ఉండే టీహెచ్‌సీఏ కాస్తా మత్తునిచ్చే టీహెచ్‌సీగా మారిపోతుంది. రెండింటినీ విడివిడిగా కొలవడానికి ఇక్కడి ల్యాబులు ఎక్కువగా హెచ్‌పీఎల్‌సీనే వాడతాయి. మాత్రల్లో మందు సమంగా ఉందో లేదో చూసే పరీక్ష చేసి ఉంటే అదీ రాయండి. తినే పదార్థాల్లో ప్యాకెట్టుకు 10 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ దాటకూడదు. ఒక చాక్లెట్ ముక్కలో ఎక్కువ, మరో ముక్కలో తక్కువ ఉంటే కుదరదు. ఆ బాధ మాత్రల కంపెనీలో పనిచేసినవాడికి వెంటనే అర్థమవుతుంది. దుకాణంలో ఉద్యోగమైతే దారి వేరు, అంటారియోలో గంజాయి దుకాణ సిబ్బందికి క్యాన్‌సెల్ అనే శిక్షణ తప్పనిసరి.

ఫొటో, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పెళ్లి వివరం తీసేయండి. మన బయోడేటా అలవాటు ఇక్కడ పనికిరాదు. ఇక లేని అనుభవం అమ్మే మనవాళ్ల కన్సల్టెన్సీల మీద నాకు చాలా కోపం ఉంది. రెండేళ్ల గంజాయి అనుభవం ఉందని రాయించుకుని ఒక కుర్రాడు మా దగ్గరికే వచ్చాడు. తెలుగువాడే. ఆరిన పువ్వులో తేమ ఎలా కొలిచేవారని అడిగితే చెప్పలేక తల దించుకున్నాడు. ఉన్నది ఉన్నట్టు రాసుంటే అతనికి ప్యాకింగులో పని దొరికేది. వాడి డబ్బూ పోయింది, మా దగ్గర నమ్మకమూ పోయింది.

ఇది చదివే అమెరికా మిత్రులకు ఒక మాట. అక్కడ వీసా మీదో గ్రీన్‌కార్డు మీదో ఉన్నవారు దయచేసి ఈ పరిశ్రమ జోలికి పోవద్దు. కొలరాడోలో 2014 నుంచి దుకాణాలు నడుస్తున్నా, సమాఖ్య చట్టం వేరు. రాష్ట్ర చట్టం ఒప్పుకున్న గంజాయి ఉద్యోగం కూడా పౌరసత్వానికి కావలసిన సత్ప్రవర్తన నిరూపణకు అడ్డు కావచ్చని అక్కడి వలస సేవల సంస్థ 2019 ఏప్రిల్‌లోనే చెప్పింది. గంటకు నాలుగు డాలర్లు ఎక్కువ వస్తాయని ఇన్నేళ్ల నిరీక్షణను పణంగా పెట్టకండి. వకీలును అడగకుండా ఒక్క దరఖాస్తు కూడా పంపవద్దు.

ఉద్యోగం సంగతి ఇంట్లో ఎలా చెప్పాలని కూడా అడిగారు. నేను ఎనిమిది నెలలు మందుల కంపెనీ అని చెప్పాను. ఆ ఎనిమిది నెలలూ ఫోను మోగితే భయంగా ఉండేది. తర్వాత ఒక ఆదివారం నాన్నకు అంతా చెప్పాను. మాది నర్సీపట్నం వైపు. గంజాయి మూటలతో పట్టుబడిన కుర్రాళ్ల వార్తలు ఆయన వారానికొకటి చదువుతారు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ దగ్గరికి పోలీసులు రారా?" అని అడిగారు.

"ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్లు వస్తారు నాన్నా, చెప్పకుండానే వస్తారు. వస్తే ముందు అడిగేది నేను రాసే పుస్తకాన్నే" అన్నాను.

"అయితే సరిగ్గా రాయి" అన్నారు.