ముందు వెళ్లి అడుగు

చిరంజీవికి ఆశీస్సులు.

రోజంతా ఆఫీసులో రాశాక సొంత కథలు ఎలా రాసుకోవాలని అడుగుతూ నువ్వు రాసిన ఉత్తరం, దాంతో పంపిన మూడు కథలు పోయిన వారమే అందాయి. మొదటి రెండూ చదివి పక్కన పెట్టేశాను. జవాబు రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. మూడో కథలో అమ్మ వచ్చేసరికి ఊరుకోలేకపోయాను.

అమ్మ అరుగు మీద కూర్చుని లేసు పువ్వులు అల్లుతూ ఉంటుంది. ఏజెంటు దారం ఇచ్చి వెళ్తాడు, మళ్ళీ వచ్చి పువ్వులు లెక్కపెట్టుకుని పట్టుకుపోతాడు. వాటన్నిటినీ కలిపి దుప్పటి చేసే అతుకుపని ఇంకో ఊళ్ళో ఇంకెవరో చేస్తారు. తను అల్లిన పువ్వులతో తయారైన దుప్పటి ఎలా ఉంటుందో అమ్మ ఇన్నేళ్ళలో ఒక్కసారీ చూడలేదని రాశావు. ఆ తర్వాతి వాక్యంలో ఆవిడ సొంత డబ్బులు పెట్టి బజార్లో ఒక దారపుండ కొనుక్కుంటుంది. రాత్రి అందరూ పడుకున్నాక, తన ఇంట్లో టీవీ మీద కప్పుకోవడానికి ఒక గుడ్డ అల్లుకుంటుంది. అంతే, కథ వెంటనే హైదరాబాద్ ఆఫీసులో కాఫీ మెషీన్ దగ్గరికి వెళ్ళిపోయింది. అక్కడ మూడు పేజీలు ఉండిపోయింది. నాకెంత కోపం వచ్చిందో చెప్పలేను.

నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల లేసు అల్లే ఇళ్ళు నేను చాలా చూశాను. పొద్దుణ్ణించి సాయంత్రం దాకా అదే సూది, అదే దారం. మెడ పట్టేస్తుంది, కళ్ళు మంటలెత్తుతాయి, చేతికొచ్చే కూలి ఎంతో నీకే బాగా తెలుసు. అలాంటి మనిషి రాత్రి మళ్ళీ అదే సూది ఎందుకు పట్టుకుంది? నువ్వు నన్ను అడిగిన ప్రశ్నలన్నీ ఇందులోనే ఉన్నాయి. దీన్ని దాటుకుని నా దగ్గరికొచ్చి అడుగుతున్నావు.

మిగతా రెండు కథల్లో నన్ను విసిగించింది ప్రతి పేరా చివరా ఒక చమక్కు పెట్టడం. నువ్వు పగలు చేసే పని నాకు తెలుసు. రియల్ ఎస్టేట్ వెంచర్లకి బ్రోచర్లు, నగల షాపులకి రీల్స్. ఒక్క మాటతో మనిషిని పట్టి ఆపాలి, లేకపోతే వేలితో పైకి తోసేస్తాడు. ఆ ఉద్యోగానికి అది కావాలి, నువ్వు బాగానే చేస్తున్నట్టున్నావు. కానీ కథ పట్టుకుని కూర్చున్నవాణ్ణి మాటిమాటికీ జబ్బ పట్టుకుని ఊపితే లేచి వెళ్ళిపోతాడు. ఇక కోనసీమ గురించి రాసిన ఆ పేరా! పచ్చచీర కట్టుకున్న గోదారమ్మ కూతురట. ఆ ముక్క టూరిజం హోర్డింగ్ మీద కూడా పాతబడిపోయింది. గోదావరి గట్టున పుట్టినదానివి. వరదొచ్చి తగ్గాక ఇంట్లో మిగిలే ఒండ్రు వాసన నీకు తెలీదా?

నువ్వు ఉత్తరంలో రాసిన మాట మాత్రం నన్ను కదిలించింది. ‘రోజంతా ఆఫీసులో రాసి రాసి, రూముకొచ్చాక నా కోసం రాసుకోవాలంటే చెయ్యి రావట్లేదండీ’ అన్నావు. ఇది అబద్ధం కాదు, బద్ధకమూ కాదు. నిన్ను బద్ధకస్తురాలివి అనేవాళ్ళ మాట వినకు. పెద్దవాళ్ళ పేర్లు చెప్పి నిన్ను సిగ్గుపడేలా చేసేవాళ్ళు చాలామంది ఉంటారు. పాలగుమ్మి పద్మరాజు గారు కాలేజీలో సైన్సు పాఠాలు చెబుతూనే కథలు రాయలేదా, 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ వారి ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి తేలేదా అంటారు. కాకినాడలో ఇస్మాయిల్ గారు ఫిలాసఫీ చెప్పుకుంటూనే అంత కవిత్వం రాయలేదా అంటారు. నిజమే. కానీ తరగతి గదిలో వాళ్ళు ఖర్చు పెట్టింది వేరు, ఇంటికొచ్చి కాగితం మీద పెట్టింది వేరు. పద్మరాజు గారు పొద్దున్నే విద్యార్థులకి సైన్సు చెబితే ఆయన దగ్గరున్న మాటలు అరిగిపోవు. నీకు అరిగిపోతాయి. అమ్ముకునేదీ దాచుకునేదీ నీకు ఒకటే సరుకు. ఈ తేడా తెలియకుండా చెప్పే సలహా ఏదైనా నీకు పనికిరాదు.

భీమవరం అడివి బాపిరాజు గారి సంగతి నీకు దగ్గరగా ఉంటుంది. పత్రికకి సంపాదకత్వం చేశారు, సినిమాలకి కళా దర్శకత్వం చేశారు. రెండూ ఇంకొకళ్ళ కోసం చేసే పనులే. అయినా నవలలు రాశారు, బొమ్మలు వేశారు. మాట అలిసిపోయినప్పుడు ఆయన చేతికి రంగులున్నాయి. నీకు బొమ్మలు రావన్నావు కాబట్టి ఆ దారి నీకు లేదు. ఇంకో దారి చెబుతాను. ఇది నేను నమ్మిన దారి. ఎవరేమన్నా దీన్ని వదలను.

నేను రాజమండ్రిలో ఒక దినపత్రిక జిల్లా డెస్కులో చాలా ఏళ్ళు పనిచేశాను. విలేకరులు పంపిన వార్తలు దిద్దడం, హెడ్డింగులు పెట్టడం, ఫొటోల కింద రెండు లైన్లు రాయడం, ఇదీ పని. 1996 నవంబరు 6న తుపాను కోనసీమని తుడిచిపెట్టేసింది. ఆ తర్వాత వారాల తరబడి రాత్రిళ్ళు చావుల గురించే హెడ్డింగులు పెట్టాను. ఎడిషన్ మారినప్పుడల్లా సంఖ్య మారేది. ‘విలయం’ అయిపోయింది, ‘కన్నీటి సంద్రం’ అయిపోయింది, ‘మోడుబారిన’ అయిపోయింది. కొబ్బరి చెట్లు వరసగా నేలకొరిగిన ఫొటోల కింద రాయడానికి ఇక మాట మిగల్లేదు. ఇంటికెళ్ళి సొంత కథ ముందు కూర్చుంటే పెన్ను కదిలేది కాదు. ఏది రాసినా హెడ్డింగులాగే వచ్చేది. నీ కథల్లో చమక్కులు చూడగానే నాకు గుర్తొచ్చింది అదే.

ఆ డెస్కులో రోజూ రాత్రి చేసే ఇంకో పని, అంబాజీపేట కొబ్బరి మార్కెట్ ధరలు పేజీలో పెట్టడం. కొత్త కొబ్బరి, రెండో రకం క్వింటాలు ఇంత, కురిడీ గండేరా, గటగట వెయ్యి కాయలు ఇంత అని. వాటిలో సగం ఏమిటో నాకు తెలీదు. ఎవరూ అడగలేదు, అంకెలు తప్పు పోకుండా పెడితే చాలు. తుపాను తర్వాత ఒక వీక్లీ ఆఫ్ రోజు పొద్దున్నే రావులపాలెం మీదుగా బస్సెక్కి అంబాజీపేట వెళ్ళిపోయాను. కథ కోసం కాదు, వార్త కోసం అంతకన్నా కాదు. గండేరా అంటే ఏ కాయో నా కళ్ళతో చూడాలనిపించింది.

ఒక వ్యాపారి తన ఇంటి అటక ఎక్కించాడు. అటక నిండా ఒలవని కాయలు. నెలల తరబడి అలా ఉంచి, కింద సన్నగా పొగ పెడతారట. లోపలి నీళ్ళు మెల్లగా ఇంకిపోతాయి, కొబ్బరి చిప్పని వదిలేసి గుండుగా తయారవుతుంది, అదే కురిడీ. ఆయన ఒక కాయ తీసి నా చెవి దగ్గర ఊపాడు. లోపల ఏదో దొర్లింది. ఇంకో కాయ ఊపాడు, చప్పుడు లేదు. ‘ఇది ఇంకా కాలేదండి’ అని మళ్ళీ దాని చోట్లో దాన్ని పెట్టేశాడు. ఆ చీకట్లో, ఆ పొగలో, వరసగా కాయలు తీయడం, ఊపడం, ఇటో అటో పెట్టడం. నేను ఏవేవో అడుగుతూ కూర్చున్నాను. మధ్యాహ్నం వాళ్ళింట్లోనే అన్నం పెట్టారు. పడిపోయిన తోటల గురించి ఆయన ఒక్కసారే మాట్లాడాడు. కొత్తగా నాటిన మొక్క కాపుకొచ్చేసరికి ఆరేడేళ్ళు పడుతుంది, అప్పటికి ఈ అటక ఎక్కడానికి మోకాళ్ళు ఒప్పుకుంటాయో లేదో అన్నాడు. నేను అన్ని వారాలు పెట్టిన హెడ్డింగుల్లో ఈ మాట ఒక్కటి కూడా లేదు.

ఆ తర్వాత దొరికిన ప్రతి సెలవుకీ వెళ్ళాను. చెట్టెక్కి కాయలు దింపు తీసేవాళ్ళని అడిగాను, ఒలుపు పనివాళ్ళని అడిగాను. గునపం మీద కాయని ఎలా తిప్పితే పీచు ఒక్క దెబ్బకి ఊడుతుందో చూశాను. కాలువ లాకులు తెరిచి మూసే లస్కర్లతో కూర్చున్నాను. ఒకప్పుడు బియ్యం పడవలు నడిపిన ముసలి సరంగు ఒకాయన, గాలి లేనప్పుడు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవని ఎలా లాగేవారో లేచి నడిచి చూపించాడు. అన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాను. కథల్లా రాయలేదు, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాశాను. రాస్తున్నానన్న సంగతి మర్చిపోయి రాశాను. చెయ్యి ఎప్పుడు తిరిగొచ్చిందో నాకే తెలీలేదు.

అందుకే చెబుతున్నాను. ఉద్యోగం రోజూ నీ లోపల్నించి తోడుకుంటుంది. ఇంటికొచ్చి మళ్ళీ నీ లోపల్నించే తోడుకునే పని ఇంకోటి పెట్టుకుంటే ఏం మిగులుతుంది? నువ్వు రాసిన ప్లాన్లు చూశాను. రోజుకో చిట్టి కథ, నెల రోజుల ఛాలెంజ్, ‘గోదారి కబుర్లు’ అని ఒక పేజీ, వీలైతే పాడ్‌కాస్ట్. తల్లీ, ఇదంతా నీ ఆఫీసులో రెండో షిఫ్టు. అక్కడ క్లయింటు ఉంటే ఇక్కడ లైకులు ఉంటాయి. అక్కడ మేనేజరు డెడ్‌లైన్ పెడితే ఇక్కడ నువ్వే పెట్టుకుంటావు. ఒక్కటీ వద్దు. ఎవరికీ చూపించని, ఎవరూ ఎదురుచూడని పని ఒకటి పెట్టుకో. అది నిన్ను కుర్చీలోంచి లేపి ఇంకొకరి గుమ్మం దాకా తీసుకెళ్ళాలి, నీకు తెలియనిది వాళ్ళని అడిగించాలి. బండారులంకలో మగ్గం ఎలా నడుస్తుందో అడుగు. ఆత్రేయపురంలో బోర్లించిన కుండ మీద పూతరేకు ఎలా తీస్తారో, చెయ్యి కాలకుండా ఎలా నేర్చుకున్నారో అడుగు. ఏదైనా పరవాలేదు, ఒక్కటే పట్టుకుని ఏడాది పాటు అదే అడుగు.

కొన్నాళ్ళు అసలు రాయడం ఆపేయనా అని కూడా అడిగావు. ఆపితే ఆపు. రబీ అయ్యాక మన కాలువలు కట్టేస్తారు కదా, ఎండాకాలంలో పూడిక తీసి, గట్లు బాగుచేసి, మళ్ళీ నీళ్ళు వదులుతారు. పని లేకుండా ఊరికే కట్టేసి ఉంచితే మాత్రం తూడు మొలుస్తుంది.

ఇంకొక్కటి చెప్పకుండా ఉండలేను. ఆ అటక మీద చూసిన వాటితో తర్వాత ఒక కథ రాశాను. ఒక వారపత్రిక సంపాదకుడు దాన్ని తీసుకున్నాడు. పొగ గురించి అర పేజీ ఎందుకండీ అని కొట్టేశాడు. దాని బదులు పాత్రల చేత ప్రతి మాటకీ ‘ఆయ్’, ‘అండి బాబూ’ అనిపించి అచ్చు వేశాడు. గోదావరి జిల్లా కథ కదా, పాఠకులు అదే కోరతారట. ఆ వ్యాపారి పత్రిక కొనుక్కుని చదివి, ‘ఇందులో మా ఊరోళ్ళు ఎవరండి?’ అని అడిగాడు. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఇప్పుడు సినిమాల్లోనూ, ఫోన్లలో వచ్చే కామెడీ వీడియోల్లోనూ అదే పద్ధతి. యాస అంటించేస్తే మనుషులు వచ్చేసినట్టే లెక్క. నువ్వు ఆ ఉచ్చులో పడకు. మీ అమ్మ ఏ మాట దగ్గర ఆగుతుందో, ఏజెంటు గుమ్మంలోకి వచ్చినప్పుడు ఆవిడ గొంతు ఎలా మారుతుందో అది రాయి. యాస దానంతటదే వస్తుంది.

ఉద్యోగం మానేయమని చెప్పను. నాన్నగారి అప్పు సంగతి నువ్వే రాశావు, నెల జీతం చిన్న విషయం కాదు. పుస్తకం ఎవరు వేస్తారు, కలం పేరు ఏం పెట్టుకోవాలి అన్న వాటికి ఇప్పుడు జవాబు రాయను. వాటికి ఇంకా టైముంది.

కానీ ఒక పని ఈ వారమే చెయ్యి. మీ కంపెనీ ఇచ్చిన అపాయింట్‌మెంట్ లెటర్ బయటికి తీసి, నువ్వు రాసిన వాటి మీద హక్కు ఎవరిదని ఉందో ఆ పేరా చదువు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా రాసింది యజమానిదే అవుతుంది. ఇంట్లో నీ టైములో నీకోసం రాసుకున్నది అందులోకి రాదు. కానీ కొన్ని కంపెనీలు ఉద్యోగంలో ఉన్నంతకాలం ఏది రాసినా మాదే అని కాగితంలో కలిపేస్తాయి, మన పిల్లలు చూడకుండా సంతకం పెట్టేస్తారు. అలాంటి వాక్యం ఉంటే హెచ్ఆర్‌తో మాట్లాడి, సొంత కథలకి అది వర్తించదని మెయిల్‌లో రాయించుకో. కథలు ఆఫీసు లాప్‌టాప్‌లో రాయకు, ఆఫీసు మెయిల్ నుంచి పంపకు. నాకు పంపిన మూడూ అక్కణ్ణించే వచ్చాయి. ఆ పేరా అర్థం కాకపోతే ఫొటో తీసి పంపించు, అమలాపురంలో నాకు తెలిసిన లాయరు గారున్నారు, చూపించి చెబుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు
రాజోలు