మస్టాంగ్‌కి ఫుల్ బాడీ పీపీఎఫ్ వేయిస్తే అమ్మేటప్పుడు ఆ డబ్బు తిరిగొస్తుందా?

సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఫోర్డ్ మస్టాంగ్ జీటీకి ఒళ్లంతా పీపీఎఫ్ (పెయింట్‌ని కాపాడే పారదర్శకమైన ప్లాస్టిక్ ఫిల్మ్) వేయించమంటున్నారు, రెండు లక్షలు చెప్పారు, అమ్మేటప్పుడు ఆ డబ్బు వస్తుందా అని అడిగారు. రాదండి. నేనూ అదే 5.0 లీటర్ల వీ8 ఇంజిన్ బండిని హైదరాబాద్‌లో కొన్నేళ్లు నడిపి అమ్మాను. ముందు భాగానికి మాత్రం ఫిల్మ్ వేయించాను. కొన్నాయన దానికి విడిగా ఒక్క రూపాయి ఇవ్వలేదు. కానీ బేరం తెగింది మాత్రం ఆ ఫిల్మ్ కింద చెక్కుచెదరకుండా ఉన్న కంపెనీ పెయింట్ వల్లే.

ఇలాంటి బండి కొనేవాళ్ల భయమంతా యాక్సిడెంట్ గురించే, గీతల గురించి కాదు. నా బండి కొన్నాయన రాగానే జేబులోంచి పెయింట్ మందం కొలిచే మీటర్ తీశారు. రూఫ్, డోర్లు, డిక్కీ అన్నిచోట్లా ఆనించి చూశారు. 110, 120, 130 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). కంపెనీ పెయింట్ మామూలుగా అంతే ఉంటుంది. బానెట్ దగ్గరికొచ్చేసరికి 320! "రీపెయింటా సార్?" అన్నారు, మొహం మారిపోయింది. ఫిల్మ్ మందమే దాదాపు 200 మైక్రాన్లు, మీటర్ రెండూ కలిపి చూపిస్తోంది. ఫిల్మ్ అంచు చూపించి, బిల్లు, వేయించకముందు తీసిన ఫొటోలు ముందు పెట్టాక కుదుటపడ్డారు. పుట్టీ పెట్టిన బానెట్ అయితే అంకె చోటుకో రకంగా ఎగురుతుంది, ఇక్కడ అంతా ఒకేలా ఉంది. అన్నట్టు, ఈ మోడల్‌కి బానెట్, ముందు ఫెండర్లు అల్యూమినియంవి. ఇనుము మీద మాత్రమే పనిచేసే చవక మీటర్ అక్కడ పనికిరాదు.

మీది సెకండ్ హ్యాండ్ కాబట్టి ఫిల్మ్ వేయించే ముందే ప్రతి ప్యానెల్ కొలిపించండి. ఎక్కడైనా నాసిరకం రీపెయింట్ ఉంటే, రేపు ఫిల్మ్ పీకేటప్పుడు పెయింటూ ఊడి వస్తుంది. బంపర్, బానెట్, ఫెండర్లు, సైడ్ మిర్రర్లు, వెనక చక్రాల ముందుండే భాగం, వీటికి చాలు. ఔటర్ రింగ్ రోడ్డు మీద టిప్పర్ వెనక వెళ్తే కంకర తగిలేది అక్కడే. పీవీసీ ఫిల్మ్ వద్దు, ఎండకి పసుపెక్కుతుంది, టీపీయూ అనే సాగే ప్లాస్టిక్‌తో చేసింది అడగండి. ఫిల్మ్‌ని బండి మీదే పెట్టి బ్లేడుతో కోసే షాపైతే, పెయింట్ మీద గాట్లు పడొచ్చు, ఒక దండం పెట్టి వచ్చేయండి. మెషీన్ మీద ముందే కట్ చేసిన ముక్కలు వాడేవాళ్లు ఉన్నారు.

పెయింట్ మీద పలచగా పూసే సిరామిక్ కోటింగ్ రాయి దెబ్బని ఆపదు. మెరుపు వస్తుంది, కడగడం తేలిక, అంతే.

అసలు మన దగ్గర పెయింట్ ఎక్కువగా పాడయ్యేది అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో. పొద్దున్నే ఒకే బకెట్, ఒకే గుడ్డతో బళ్లన్నీ తుడిచేస్తారు. అంతకుముందు తుడిచిన కారు మట్టి మీ కారు మీద సాలెగూడులా గీతలు పెడుతుంది. బోరు నీళ్ల మరకలు అదనం. నేనైతే బళ్లు తుడిచే కుర్రాడికి నెల డబ్బులిచ్చి మరీ నా బండి ముట్టుకోవద్దన్నాను!

బంపర్ మీద చిన్న చిన్న రాళ్ల మచ్చలు పడితే పడనివ్వండి. అమ్మే ముందు రీపెయింట్ చేయిస్తే లేనిపోని అనుమానం. ఏడాదిలోపే అమ్మే ఆలోచన ఉంటే మాత్రం అసలు ఫిల్మే వద్దు. ఆ డబ్బు మంచి టైర్లకు పెట్టండి, కొనేవాళ్లు ముందు వంగి చూసేది వాటినే.