చిలుక ఈకలు ఉబ్బించుకుని మూల కూర్చుంటే... ముందు వెచ్చదనం, తర్వాతే మందు

ప్రశ్న: మూడేళ్లుగా ఇంట్లో రామచిలుకను పెంచుతున్నాం సార్. రెండు రోజులుగా ఈకలు ఉబ్బించుకుని, కళ్లు మూసుకుని పంజరం అడుగున ఓ మూల కూర్చుంటోంది. పలకరించినా పలకడం లేదు. పొద్దుతిరుగుడు గింజలంటే దానికి ప్రాణం, మేత అంతా అవే. ఇప్పుడు అవి కూడా ముట్టడం లేదు. రెట్ట ఆకుపచ్చగా, కొంచెం కొంచెంగా పడుతోంది. అప్పుడప్పుడు తుమ్ముతోంది. పెరటి కోళ్ల కోసం తెచ్చిన యాంటీబయాటిక్ పొడి ఉంటే చిటికెడు తాగే నీళ్లలో కలిపాం. గుణం కనిపించలేదు. మూడు వారాల కిందట ఒక లవ్‌బర్డ్స్ జతను తెచ్చి పక్క పంజరంలో ఉంచాం, అవి బాగానే ఉన్నాయి. చిలుకను ఇంట్లోనే ఎలా బాగు చేసుకోవాలి? – ఒక రైతు

జవాబు: ఆ పొడి కలిపిన నీళ్లు ఇప్పుడే పారబోసి మంచినీళ్లు పెట్టండి. వీలైతే ఈ రోజే, లేదంటే రేపు పొద్దున్నే పక్షులకు వైద్యం చేసే పశువైద్యుడికి చూపించండి. చిలుక తన జబ్బును చివరిదాకా దాచుకుంటుంది. గుంపులో నీరసంగా కనిపించిన పక్షినే డేగ ముందు తన్నుకుపోతుంది కాబట్టి, ఒంట్లో బాగోలేకపోయినా బాగున్నట్టే ఉండటం దానికి పుట్టుకతో వచ్చిన గుణం. మీ కంటికి రెండు రోజుల నుంచి కనిపిస్తోందంటే జబ్బు అంతకు ముందే మొదలై ఉంటుంది. ఇంటి వైద్యం అనవసరం అనడం లేదు. డాక్టరు చేతికి చేరేదాకా ప్రాణం నిలబెట్టేది అదే.

అందులో మొదటిది వెచ్చదనం. చిలుక ఒంటి వేడి మామూలుగానే 40 డిగ్రీల సెల్సియస్‌ పైన ఉంటుంది. తిండి తగ్గితే ఆ వేడి నిలుపుకోవడానికే ఒంట్లో శక్తంతా ఖర్చవుతుంది, ఈకలు ఉబ్బించుకునేది అందుకే. కోళ్లు పెంచేవారు కాబట్టి మీకు తేలిగ్గానే అర్థమవుతుంది: కోడిపిల్లలకు బ్రూడర్ (బల్బు వేడితో వెచ్చగా ఉంచే ఏర్పాటు) పెట్టినట్టు దీనికీ పెట్టాలి. పంజరానికి మూడు వైపులా మందపాటి గుడ్డ కప్పండి. ఒక పక్కన, పంజరం బయట, పాత రకం 60 వాట్ల వేడి బల్బు పెట్టండి. ఎల్‌ఈడీ బల్బుతో లాభం లేదు, అది వేడినివ్వదు. బల్బుకు గుడ్డ తగలకూడదు. చిలుక ఉన్న చోట 29 నుంచి 32 డిగ్రీలు ఉండేలా లోపల చిన్న థర్మామీటర్ పెట్టి చూసుకోండి. రెండో పక్క చల్లగానే ఉండనివ్వండి, వేడి ఎక్కువైతే చిలుకే అటు పక్కకు జరుగుతుంది. నోరు తెరిచి ఆయాసపడుతూ, రెక్కలు ఒంటికి దూరంగా పెడితే వేడి మితిమీరిందని అర్థం, వెంటనే తగ్గించండి. కరెంటు పోతే వేడినీళ్ల సీసాను తువ్వాలులో చుట్టి పక్కన పెట్టొచ్చు.

ఎత్తులో ఉన్న కర్రలు తీసేయండి, నీరసంలో పడిపోతే దెబ్బ తగులుతుంది. గింజలు, నీళ్లు దాని ముక్కుకు అందే దూరంలో కిందే పెట్టండి. టీవీ, పిల్లల సందడి లేని గది చూడండి. రాత్రి పది పన్నెండు గంటలు నిద్ర పట్టాలి.

ఇప్పుడు రెట్ట సంగతి. మీరు విరేచనాలని భయపడి ఉంటారు, కానీ రాసినదాన్ని బట్టి నాకు అలా అనిపించడం లేదు. పంజరం అడుగున తెల్ల కాగితం పరిచి రెండు గంటల తర్వాత చూడండి. ఆరోగ్యంగా ఉన్న చిలుక రెట్టలో మూడు భాగాలు విడివిడిగా కనిపిస్తాయి: పేగు నుంచి వచ్చే ఆకుపచ్చని ముద్ద, దాని మీద సున్నంలా తెల్లటి పదార్థం, చుట్టూ నీటి చెమ్మ. ముద్ద చాలా కొద్దిగా, ముదురు ఆకుపచ్చగా ఉంటే కడుపు ఖాళీగా ఉందని, పైత్యరసం మాత్రమే బయటికి వస్తోందని గుర్తు. ముద్ద బాగానే ఉండి చుట్టూ నీరు పెరిగితే అది మూత్రం ఎక్కువవడం, విరేచనం కాదు. తెల్లగా ఉండాల్సిన భాగం పసుపు పచ్చగా గానీ ఆకుపచ్చగా గానీ మారితే కాలేయం దెబ్బతిన్నదని అనుమానించాలి. ఆ కాగితాన్ని పారేయకుండా, ఫోన్‌లో ఫొటో తీసి, డాక్టరుకు చూపించండి. నేనైతే పక్షిని చూడకముందే ఆ కాగితం అడుగుతాను.

గ్రాముల్లో చూపే తూకం ఉంటే రోజూ పొద్దున మేత పెట్టకముందే తూచి రాసుకోండి. రామచిలుక సుమారు 110 నుంచి 140 గ్రాములు ఉంటుంది. 120 గ్రాముల పక్షి 12 గ్రాములు తగ్గిందంటే ఒంటి బరువులో పదో వంతు పోయినట్టు, అది ప్రమాదమే. తూకం లేకపోతే రొమ్ము మధ్య ఎముక మీద వేలు పెట్టి మెల్లగా నిమరండి. రెండు పక్కలా కండ నిండుగా తగలాలి. ఎముక అంచు పదునుగా వేలికి తగిలితే బాగా చిక్కిపోయిందన్నమాట.

పట్టుకునేటప్పుడు మాత్రం జాగ్రత్త. పక్షికి మనలాగా ఊపిరితిత్తుల కింద డయాఫ్రమ్ పొర ఉండదు, రొమ్ము ముందుకూ వెనక్కూ కదిలితేనే గాలి ఆడుతుంది. గుప్పిట్లో రొమ్మును బిగిస్తే ఊపిరాడక చేతిలోనే చనిపోవచ్చు. పలుచని తువ్వాలుతో చుట్టి, తల రెండు పక్కలా వేళ్లతో పట్టుకుని, రొమ్మును వదులుగా ఉంచండి.

చాలామంది కంగారులో చేసే పని ఇంకొకటి ఉంది: నోరు తెరిచి సిరంజితోనో చెంచాతోనో నీళ్లు పోయడం. దయచేసి చేయకండి. చిలుక గాలిగొట్టం ద్వారం నాలుక మొదట్లోనే ఉంటుంది, పోసిన నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. పైగా ఒళ్లు చల్లబడిన పక్షికి తిండి అరగదు, మెడ కింది మేత సంచిలోనే నిలిచి పులుస్తుంది. ముందు ఒళ్లు వెచ్చబడితే చాలాసార్లు తనంతట తానే తింటుంది. గింజలు ఒక్కటే మేత కావడం మంచిది కాకపోయినా, దాన్ని మార్చే సమయం ఇది కాదు. ఏది తింటే అది పెట్టండి. గొట్టంతో మేత ఎక్కించాల్సి వస్తే అది డాక్టరు చేయాలి, లేదా ఆయన ఎదురుగా మీరు నేర్చుకోవాలి.

కోళ్ల మందు ఎందుకు వద్దన్నానో చెబుతాను. జబ్బు చేసిన చిలుక నీళ్లే తక్కువ తాగుతుంది, మందు చేదుగా ఉంటే అసలు తాగదు. ఎంత మోతాదు లోపలికి వెళ్లిందో ఎవరికీ తెలియదు. జబ్బు తగ్గదు సరికదా, తర్వాత చేసే పరీక్షలో క్రిమి దొరక్కుండా పోవచ్చు. అందుకే ఆ పొడి ప్యాకెట్ కూడా వెంట తీసుకెళ్లండి, దాచకుండా చెప్పండి. మనుషుల జ్వరం బిళ్లల ముక్కలు కూడా వేయొద్దు.

తుమ్ములకు రెండు కారణాలు నాకు తడుతున్నాయి. ఒకటి, పొద్దుతిరుగుడు గింజల్లో కొవ్వు ఎక్కువ, విటమిన్ ఎ చాలా తక్కువ. ఏళ్ల తరబడి అవే తింటే ముక్కు, గొంతు లోపలి పొర గట్టిపడి క్రిములు తేలిగ్గా చేరతాయి. నోట్లో తెల్లటి మచ్చలు కనిపిస్తాయేమో చూడండి. రెండోది, నాకు ఎక్కువ టెన్షన్ కలిగించేది, కొత్తగా వచ్చిన జత. సిట్టకోసిస్ అనే జబ్బు ఉంది, ప్యారట్ ఫీవర్ అని కూడా అంటారు. క్లమిడియా సిట్టాసి అనే బ్యాక్టీరియాతో వస్తుంది. పైకి ఆరోగ్యంగా ఉన్న పక్షులు కూడా దాన్ని మోస్తూ, చోటు మారిన ఒత్తిడిలో రెట్ట ద్వారా బయటికి వదులుతాయి. మీ చిలుకకు అదే వచ్చిందని నేను చెప్పలేను, పరీక్షలోనే తేలాలి. కానీ అది మనుషులకూ సోకుతుంది కాబట్టి తేలేదాకా వచ్చిందనే అనుకుని జాగ్రత్తపడండి. 1929–30లో అమెరికా, ఐరోపా దేశాల్లో పెంపుడు చిలుకల ద్వారానే ఈ జబ్బు వ్యాపించి ఎంతోమంది ప్రాణాలు పోయాయి. ఇప్పుడు మంచి మందులున్నాయి, సకాలంలో గుర్తిస్తే తగ్గిపోతుంది.

ఎండిన రెట్ట దుమ్ము పీల్చడం వల్లే ఇది ఎక్కువగా వస్తుంది. కాబట్టి పొడిగా ఊడ్చకండి. మాస్కు వేసుకుని, ముందు నీళ్లు చిలకరించి తడిపి, కాగితంతో సహా చుట్టి తీయండి. ముక్కుకు ముక్కు ఆనించి ముద్దు పెట్టుకోవడం ఇప్పటికి మానుకోండి. గర్భిణులు, చిన్న పిల్లలు, వృద్ధులు ఆ గదిలోకి వెళ్లొద్దు. ఇంట్లో ఎవరికైనా జ్వరం, తలనొప్పి, పొడి దగ్గు వస్తే, ఇంట్లో జబ్బు చేసిన చిలుక ఉందని డాక్టరుకు మీరే చెప్పాలి. ఆయన అంతట ఆయనకు ఆ అనుమానం రాకపోవచ్చు.

మూడు పక్షులనూ కోళ్లకు దూరంగా, చిలుకను వేరే గదిలో ఉంచండి. చిలుక పని చివర చేసి చేతులు సబ్బుతో కడుక్కోండి. కోళ్లకు వచ్చే కొక్కెర తెగులు వైరస్‌ను కూడా చిలుకలు మోసుకురాగలవు. ఇకపై ఏ కొత్త పక్షి వచ్చినా కనీసం 30 నుంచి 45 రోజులు వేరుగా ఉంచాకే పాతవాటి దగ్గరికి చేర్చండి.

ఆ గదిలో అగరబత్తి, దోమల కాయిల్, స్ప్రేలు, సిగరెట్ పొగ ఏవీ వద్దు. నాన్‌స్టిక్ పాత్ర మాడితే వచ్చే ఆవిరి చిలుకను నిమిషాల్లో చంపగలదు, వంటగదికి దూరంగా పెట్టండి.

ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందికీ ఊగుతుంటే, నోరు తెరిచి గాలి పీలుస్తుంటే, రక్తం కారుతుంటే, ఫిట్స్ వస్తే రేపటిదాకా ఆగొద్దు. ఆడ చిలుకైతే, అడుగున కూర్చుని ముక్కుతూ ఉంటే గుడ్డు అడ్డుపడిందేమో చూడాలి, అదీ అత్యవసరమే. తీసుకెళ్లేటప్పుడు నీళ్ల గిన్నె తీసేసి, చిన్న పంజరాన్ని గుడ్డతో కప్పి, వెచ్చగా పట్టుకెళ్లండి.

సిట్టకోసిస్ అని తేలితే డాక్సీసైక్లిన్ మందును మామూలుగా 45 రోజులు వాడతారు. వారం తిరిగేసరికి చిలుక హుషారై మళ్లీ మాట్లాడినా మధ్యలో ఆపకండి. ఆ రోజుల్లో పంజరంలోని సముద్రపు నురుగు (చిలుక కొరకడానికి పెట్టే కటిల్‌బోన్), కాల్షియం దిమ్మలు తీసేయాలి, కాల్షియం ఆ మందును ఒంటికి పట్టనివ్వదు. పూర్తిగా కోలుకుని బరువు నిలకడగా ఉన్నాక, గింజలు కొద్దికొద్దిగా తగ్గిస్తూ క్యారెట్, గుమ్మడి, ఆకుకూరలు అలవాటు చేయండి. మార్పుకు కొన్ని వారాలు పడుతుంది, ఆ వారాల్లో కూడా పొద్దున తూకం మానొద్దు.