పదహారేళ్ల అబ్బాయి చెన్నైలోని పుళల్ జైల్లో విచారణ ఖైదీగా ఉన్న నాన్నను కలవొచ్చా?

కలవొచ్చు తమ్ముడూ. నాన్న ఇంకా విచారణ ఖైదీయే కదా, అలాంటివాళ్లను బయటివాళ్లు కలిసే ఏర్పాటు ఉండాలని 1894 జైళ్ల చట్టం 40వ సెక్షన్ చెబుతోంది. మైనర్లు రాకూడదన్న మాట అందులో లేదు. కానీ “తగిన ఆంక్షలతో” అని ఉంది, అసలు తిరకాసు అక్కడే. అందుకే ఒక్కడివే వెళ్లకు. అమ్మనో మామయ్యనో తీసుకెళ్లు, తమిళం వచ్చినవాళ్లయితే గేటు దగ్గర సగం టెన్షన్ తగ్గుతుంది. ఆధార్, నాన్న పేరున్న బర్త్ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకో.

41వ సెక్షన్ కింద పేరు, చిరునామా అడుగుతారు. అనుమానం వస్తే సోదా చేస్తారు, అయితే ఖైదీల ముందు, ఇతర సందర్శకుల ముందు చేయకూడదు. సోదాకు ఒప్పుకోకపోతే లోపలికి పంపకపోవచ్చు.

ఉత్తరాలూ రాయొచ్చు. జైలువాళ్లు చదవొచ్చు కాబట్టి కేసు సంగతులు మాత్రం రాయకు, అవి లాయరుకే చెప్పు.