మా అన్న కూతురికి: ఫారిన్ క్యాంప్ సెంటర్‌కి వాలంటీర్‌గా పోయే ముందు

పాపా,

నీ వాయిస్ మెసేజ్ విన్నా, ఆ సెంటర్ వాళ్ళు పంపిన కాగితాలు కూడా కూర్చోని చదివినా. యూకేలో క్రైస్తవ సెంటర్, ఏడాది పాటు స్కూల్ పిల్లోళ్ళకి క్లైంబింగ్, కయాకింగ్ (చిన్న పడవ తెడ్డుతో నడిపేది), ఆర్చరీ (విల్లు బాణం) చేయించే పని, జీతం లేదు, తిండీ గదీ వాళ్ళవే, చేతిఖర్చుకి రొంత ఇస్తారంట. వయసులో ఉన్నప్పుడు నేను చేసొచ్చిన పనే కాబట్టి నన్నడిగినావు, మంచిదే. మీ నాయన్ని ఒప్పించేది మాత్రం నా వల్ల కాదు తల్లీ, ఆయన నా మాట ఎప్పుడు విన్నాడు గనక. పని ఎట్ల ఉంటుందో చెప్తా, నువ్వే తేల్చుకో.

డబ్బు సంగతి ముందు. మన కడప పక్క ఫారిన్ అంటే కువైట్ లెక్కే, పోయినోళ్ళు నెలనెలా పంపియ్యాల, ఈడ ఇల్లు లేపాల. ఇది అట్లాంటిది కాదని ఇంట్లో అందరికీ ముందే తెలియాల, లేకుంటే నువ్వు ఆడికి పోయిన రెండో నెల నుంచే ఫోన్‌లో ఎంత దాచినావని మొదలుపెడతారు. దీనికి చారిటీ వర్కర్ వీసా అని ఉంది, ఎక్కువలో ఎక్కువ 12 నెలలు, దాని మీద జీతం తీసుకునేదానికి లేదు. ఆరు నెలలు దాటి ఉండేదైతే వాళ్ళ ఆసుపత్రుల కోసమని హెల్త్ సర్‌ఛార్జ్ ఏడాదికి 1,035 పౌండ్లు ముందే కట్టించుకుంటారు, మన లెక్కలో లక్ష పైమాటే, వీసా ఫీజు దానికి వేరే, ఫ్లైట్ టికెట్ వేరే. ఇంకా 1,270 పౌండ్లు నీ అకౌంట్‌లో 28 రోజులు కదలకుండా ఉండాల, లేదంటే మొదటి నెల ఖర్చు మేం చూసుకుంటామని సెంటర్ వాళ్ళే రాసియ్యాల. ఇందులో ఏది వాళ్ళు కడతారు ఏది నువ్వు కట్టాల అని సిగ్గుపడకుండా అడుగు. మీ నాయన వడ్డీకి తెచ్చి పంపేటట్లయితే మాత్రం పోవద్దు, ఇది నేను గట్టిగానే చెప్తాండా. జీతం లేని పనికి అప్పు చేసి పోయినోళ్ళకి ఆడ రాత్రిళ్ళు నిద్ర పట్టదు, నిద్రలేని మనిషి చేతికి పిల్లోళ్ళ తాడు ఇయ్యకూడదు.

ఏడాది అంటే భయమైతే ఇంకో దారి ఉంది, మామూలు విజిటర్ వీసా మీద కూడా ఆడ రిజిస్టరైన చారిటీలో 30 రోజుల వరకు వాలంటీర్ చెయ్యొచ్చు. కానీ నిన్ను చూస్తే ఏడాదికే పోయేటట్లు ఉండావు.

ఏజెంట్లు చర్చిల చుట్టూ కూడా తిరుగుతాండారు ఈ మధ్య, దేవుని సేవకి పంపిస్తాం నాలుగు లక్షలియ్యి అంటారు. ఈ వీసాకి కావాల్సిన స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ అనేది ఫ్రేము కట్టించుకునే కాగితం కాదు, సెంటర్ వాళ్ళు వాళ్ళ ప్రభుత్వం సైట్లో నీ పేరు మీద తీసే ఒక నంబరు, దాన్ని అమ్మేదానికి ఎవరికీ హక్కు లేదు. యూకే ప్రభుత్వం లైసెన్సున్న స్పాన్సర్ల లిస్టు ఆన్‌లైన్‌లోనే పెడుతుంది, అందులో ఆ సెంటర్ పేరు వెతుకు, లేకపోతే ఆ మాట ఆడికే వదిలెయ్. ఇంక పాస్‌పోర్ట్ సేవా సైట్లో పోలీస్ క్లియరెన్స్‌కి అప్లై చెయ్యి, పిల్లోళ్ళతో పనంటే అది అడక్కుండా ఎవరూ తీసుకోరు, తీసుకుంటామన్నారంటే ఆ సెంటరే నాకు అనుమానం. ఆరు నెలల పైన ఉండేవాళ్ళకి టీబీ టెస్ట్ కూడా ఉంది, ఏ ఆసుపత్రిలో పడితే ఆడ కాదు, వాళ్ళు ఒప్పుకున్న క్లినిక్‌లోనే చేయించుకోవాల.

సరే, ఇప్పుడు అసలు పని. నువ్వు గండికోటలో రెండు సార్లు ర్యాపెల్లింగ్, అదే తాడు పట్టుకోని కొండ దిగేది, చేసినావు, ఫోటోలు చూసినా, బాగున్నాయి. నీకు దిగేది వచ్చు. దింపేది వేరే. నువ్వు కొండ ఎక్కేటప్పుడు నీ కాలు వణికితే నీకు తెలుస్తుంది, పదేళ్ళ పాప ఎక్కేటప్పుడు దాని కాలు వణకతాందా, అది నవ్వేది ధైర్యంతోనా భయంతోనా అనేది కింద తాడు పట్టుకోని నువ్వు చూసి చెప్పాల, అదే టైములో వెనక లైన్లో ఇంకో తొమ్మిది మంది తోసుకుంటా ఉంటారు. ఇన్‌స్ట్రక్టర్ పని అంటే ముప్పావు వంతు చూసేదే. గొప్పగా ఎక్కే పిల్లలు ఈ పనిలో తేలిపోయింది నేను చూసినా, బెరుగ్గా ఉండి అన్నీ రెండు సార్లు తడిమి చూసే పిల్లలు నిలబడింది కూడా చూసినా.

తాడు కాడికి పోయినాక హెల్మెట్ బెల్టు, నడుముకి కట్టే హార్నెస్ బకిల్, తాడుకేసే ఫిగర్ ఆఫ్ ఎయిట్ ముడి, తాడు తగిలించే ఇనుప కొక్కెం కారబైనర్ మర బిగించినావా లేదా, ఇవి కంటితో చూస్తే చాలదు, చేత్తో పట్టుకోని లాగి చూడాల, పిల్లకీ చూడాల, నీకూ చూసుకోవాల, ఎంత లేటయినా సరే. బిలే చేసేటప్పుడు, అంటే ఎక్కే పిల్ల పడకుండా కింద తాడు పట్టుకునేటప్పుడు, తాడు ఆపే చెయ్యి, దాన్నే బ్రేక్ చెయ్యి అంటారు, తాడు మీద నుంచి తియ్యకూడదు, దోమ కుట్టినా, ఎవరో పిలిచినా, టీచరమ్మ ఫోటోకి నవ్వమన్నా. నీకు జడ పొడుగు, దాన్ని ముడేసి చొక్కా లోపలికి దోపుకో, తాడు దిగే ఇనుము వెంట్రుకల్ని లాక్కుంటే కత్తిరించుకోవాల్సిందే ఇంకో దారి లేదు. గాజులు, ఉంగరం, వేలాడే కమ్మలు గదిలోనే పెట్టు.

ఇంకొకటి, ఇది క్రైస్తవ సెంటర్ కాబట్టే చెప్తాండా, మన ఇళ్ళల్లో బస్సెక్కినా బండెక్కినా దేవుడు చూసుకుంటాడులే అనేది నోట్లో ఊరికే ఉంటుంది. ఆడ పొద్దున్నే స్టాఫంతా ప్రార్థన చేసే బయటికి పోతారు, మంచి అలవాటు, కానీ ప్రార్థన చేసినామని ఎవరూ చెకింగ్ తగ్గించరు, తగ్గించేవాళ్ళు కనపడితే మొహమాటపడకుండా పెద్దోళ్ళకి చెప్పు. వాళ్ళకి ఈ పట్టుదల ఊరికే రాలేదు. 1993 మార్చిలో లైమ్ బే అని ఇంగ్లండ్ దక్షిణ తీరంలో కయాకింగ్‌కి తీసుకుపోయిన స్కూల్ పిల్లోళ్ళలో నలుగురు సముద్రంలో చనిపోయినారు, ఆ సెంటర్ కంపెనీ నడిపే ఆయనకి జైలు పడింది, 1995లో పిల్లల యాక్టివిటీ సెంటర్ల మీద చట్టమే తెచ్చినారు. అందుకని ఆడ ప్రతిదానికీ ఫారం ఉంటుంది, ప్రమాదం యాడుందో ముందే రాసే రిస్క్ అసెస్‌మెంట్, పరికరాల లాగ్ బుక్, గాలి ఎంత ఉంటే పడవలు ఆపాల అని కూడా రాసుంటుంది. విసుక్కోకుండా నింపు.

నీళ్ళ గురించి నాకు దిగులు. మన పక్క ఈత వచ్చిన ఆడపిల్లలు యాడుండారు చెప్పు, ఈదేదానికి నీళ్ళుంటే కదా. సెలక్షన్ అయినాక నేర్చుకుంటాలే అనొద్దు, ఇప్పట్నుంచే పూల్‌కి పో, ఎవరేమనుకున్నా సరే. ఆడి చెరువుల నీళ్ళు మన మైలవరం డ్యామ్ నీళ్ళు కాదు, 15 డిగ్రీల కన్నా చల్లటి నీళ్ళలో ఉన్నట్టుండి పడితే ఎంత గజ ఈతగాడికైనా మొదటి నిమిషం ఊపిరి పట్టు తప్పుతుంది, నోరు తెరిచి గట్టిగా పీల్చేస్తారు, అప్పుడు తల నీళ్ళ కింద ఉంటే అంతే సంగతులు. కాబట్టి కంగారుగా చేతులాడించకుండా వెల్లకిలా తేలి ఊపిరి కుదురుకునేదాకా ఆగాల, లైఫ్ జాకెట్ బిగుతుగా ఉండాల. పిల్లోళ్ళకి ఇది ఒడ్డు మీదే చెప్పి చేయించాల. చలికి కాటన్ బట్టలు తీసుకుపోవద్దు, తడిస్తే ఆరవు, ఒంట్లో వేడంతా లాగేస్తాయి, ఉన్నిదో ఫ్లీసో పొరలు పొరలుగా వేసుకోవాల. వాన కోటు ఈడ కొనొద్దు, ఆడ చారిటీ షాపుల్లో వాడినవి చవకగా దొరుకుతాయి. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నరకి కూడా వెలుతురుంటుంది, డిసెంబర్‌లో నాలుగ్గంటలకే చీకటి పడి మనసు దిగులైపోతుంది, అది అందరికీ అయ్యేదే.

పోయే లోపల ట్రైనింగ్ ఏదైనా తీసుకుంటే మంచిది. 2014లో మాలావత్ పూర్ణ 13 ఏళ్ళకి ఎవరెస్ట్ ఎక్కింది చూడు, ఆ పాప మొదట రాయి ముట్టుకున్నది భువనగిరి కోట గుట్ట మీద, ఆడ రాక్ క్లైంబింగ్ స్కూల్ ఉంది. తీరిక, డబ్బు ఉంటే ఉత్తరకాశీలో కొండలెక్కేది నేర్పే నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ బేసిక్ కోర్సు 28 రోజులు. సెంటర్ వాళ్ళు మళ్ళీ వాళ్ళ పద్ధతిలో నేర్పిస్తారనుకో, వాళ్ళు సంతకం పెట్టేదాకా నిన్ను ఒక్కదాన్నే గ్రూపుతో పంపరు, పంపకూడదు కూడా. ఫస్ట్ ఎయిడ్ మాత్రం ఈడే నేర్చుకోనిపో.

అనంతపురంలో ఉన్నప్పుడు ఆర్డీటీకి, అదే పల్లెల్లో పని చేసే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్‌కి, స్పెయిన్ నుంచి వచ్చే వాలంటీర్లని శానా మందిని చూసినా నేను. విన్సెంట్ ఫెర్రర్ 1969లో దాన్ని పెట్టినప్పట్నుంచీ అట్ల వస్తానే ఉండారు. వచ్చిన రోజు నుంచే మనకి నేర్పియ్యాలని చూసేవాళ్ళు తొందరగా అలిసిపోతారు, గమ్మున కూర్చోని రెండు వారాలు చూసి, ఊరోళ్ళు పెట్టింది తిని, తర్వాత నోరు తెరిచేవాళ్ళే ఉపయోగపడేది. ఇప్పుడు ఆడికి పోయే పరాయి మనిషివి నువ్వు.

భక్తి విషయంలో కూడా అంతే. సోమవారం నుంచి శుక్రవారం దాకా వచ్చే స్కూల్ గ్రూపుల్లో ముస్లిం పిల్లోళ్ళు, హిందూ పిల్లోళ్ళు, ఏ దేవుడూ లేని ఇళ్ళ పిల్లోళ్ళు ఉంటారు, వాళ్ళొచ్చింది తీగ మీద జారే జిప్‌వైర్ కోసం, వాక్యం కోసం కాదు. అడిగితే చెప్పు, అడక్కపోతే ఊరుకో. వారం చివర చర్చి గ్రూపులొస్తాయి, అప్పుడు సాక్ష్యం చెప్పమంటారు, అప్పుడు చెప్పుకో. చేరే ముందు విశ్వాస ప్రకటన మీద సంతకం అడుగుతారు, మన సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్ళకి ఒప్పనివి ఏమన్నా ఉండొచ్చు, చదవకుండా పెట్టొద్దు. ఆరాధన మన దాని లాగ మైకులతో మోగిపోదు, ఇరవై నిమిషాల్లో అయిపోతుంది, వీళ్ళకి భక్తి లేదని ఫోన్ చేసి నాతో అనొద్దు.

పిల్లోళ్ళ రక్షణ గురించి వాళ్ళు మొదటి వారమే క్లాసు పెడతారు, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఒక్క పిల్లతో తలుపేసిన గదిలో ఉండొద్దు. ఫోన్ నంబర్, ఇన్‌స్టా ఇయ్యొద్దు. నీ ఫోన్‌తో ఫోటో తియ్యొద్దు, మనకి పిల్లోళ్ళు ముద్దొస్తే బుగ్గ గిల్లేది ఎత్తుకునేది అలవాటు, ఆడ వద్దు. ఏ పిల్లయినా నీ దగ్గరికొచ్చి ఇంట్లో నన్ను కొడతాండారు ఎవరికీ చెప్పొద్దు అంటే, చెప్పనని మాటియ్యొద్దు. నీకు సాయం చెయ్యగలిగే వాళ్ళకి చెప్పాల్సొస్తుంది అని అప్పుడే చెప్పు, గుచ్చి గుచ్చి అడక్కుండా విను, ఆ పిల్ల అన్న మాటలు అన్నట్టే రాసి, పిల్లోళ్ళ రక్షణకని సెంటర్‌లో పెట్టిన మనిషికి ఆ రోజే ఇయ్యి. నువ్వే తీర్పులు చెప్పొద్దు.

మిగతావి చిన్నవి. బాత్రూములు కడగాల, గిన్నెలు తోమాల, డైరెక్టర్ కూడా బకెట్ పట్టుకుంటాడు, ఆయన్ని కూడా పేరు పెట్టే పిలవాల, నోరు రాదు కానీ అలవాటవుతుంది. బీఫ్, పోర్క్ తిననిదానివైతే ముందే మెయిల్ పెట్టు, వండే వాళ్ళు ఏమీ అనుకోరు. ఊరుబిండి పొడి, రాగిపిండి కట్టిస్తా. సెలవు రోజు గదిలో పడుకోకుండా బయటికి పో.

ఈ వారంలోనే వాళ్ళకి మెయిల్ రాయి. సర్‌ఛార్జ్ ఎవరు కడతారు, వారానికి ఎన్ని గంటల పని, ఎన్ని రోజులు సెలవు, ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి తాడు కాడ ఎంత మంది పిల్లోళ్ళు, దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ ఎవరిది, నడిమధ్యలో తిరిగొచ్చేయాల్సొస్తే టికెట్ సంగతేంది. ఇంతకు ముందు చేసిన వాలంటీర్ ఒకరితో మాట్లాడిస్తారా అని కూడా అడుగు. సూటిగా జవాబు రాకపోతే వేరే సెంటర్ చూసుకో, ఆ దేశంలో ఇట్లాంటివి శానా ఉండాయి.

మీ అత్త