బొల్జానోలో కంపెనీ రిజిస్టర్ అయినా "ఇన్నొవేటివ్ స్టార్టప్" హోదా రాకపోతే

మీరిద్దరు ఫౌండర్లు, ఇద్దరికీ ఎమ్మెస్ ఉంది, ఉత్తర ఇటలీలోని బొల్జానోలో కంపెనీ రిజిస్టర్ చేసినా "ఇన్నొవేటివ్ స్టార్టప్" (వినూత్న కొత్త కంపెనీలకు చట్టం ఇచ్చే ప్రత్యేక గుర్తింపు) హోదా ఎందుకు రాలేదని అడిగారు. మీ కంపెనీ మామూలు రిజిస్టర్‌లోకి మాత్రమే ఎక్కినట్టుంది. ఇటలీలో 2012 చట్టం ప్రకారం ఈ హోదా కావాలంటే ఛాంబర్ ఆఫ్ కామర్స్ రిజిస్టర్‌లోని ప్రత్యేక విభాగంలో విడిగా నమోదు కావాలి. అది లేకుండా మీ ఇన్వెస్టర్‌కి పన్ను రాయితీ రాదు.

1. ముందు కంపెనీ నిబంధనావళిలో వ్యాపార లక్ష్యం చదవండి. చాలామంది తప్పేది ఇక్కడే. "సాఫ్ట్‌వేర్ సేవలు" అని రాస్తే సరిపోదు, ఉన్నత సాంకేతిక విలువ గల వినూత్న ఉత్పత్తులు లేదా సేవల తయారీ, అమ్మకమే ప్రధాన పని అని స్పష్టంగా ఉండాలి. లేకపోతే నోటరీ దగ్గర మార్పించాలి, ఖర్చవుతుంది కానీ వేరే దారి లేదు.

2. ఈ మూడింటిలో ఒక్కటి చూపిస్తే చాలు: పరిశోధన ఖర్చు 15 శాతం (మొత్తం ఖర్చు, ఉత్పత్తి విలువల్లో ఏది ఎక్కువైతే దానిమీద), సిబ్బందిలో మూడో వంతు పీహెచ్‌డీలు లేదా మూడింట రెండొంతులు మాస్టర్స్ వాళ్లు, పేటెంట్ లేదా రిజిస్టరైన సాఫ్ట్‌వేర్. ఇద్దరే ఫౌండర్లు, ఇద్దరికీ ఎమ్మెస్ ఉందన్నారు కాబట్టి, మీరిద్దరూ అందులోనే పనిచేస్తుంటే, రెండోదే మీకు తేలిక.

3. బొల్జానో ఉన్న దక్షిణ టిరోల్‌లో జర్మన్, ఇటాలియన్ రెండూ ప్రభుత్వ ఆఫీసు భాషలే, మీకు ఏది వస్తే అందులో మాట్లాడే హక్కుంది. ఇంగ్లిష్ కాగితాలు మాత్రం అనువాదం చేయించి పెట్టుకోండి.

4. హోదా వచ్చాక ఏటా బ్యాలెన్స్ షీట్ ఆమోదించిన 30 రోజుల్లోపు అర్హతలు ఇంకా ఉన్నాయని ధ్రువీకరించండి, లేదంటే హోదా తీసేస్తారు.